శేషు పక్క

“విష్ణుమూర్తికి పక్క పామే కదా, ఆ పాముకు మళ్ళీ పక్క వేయడమేమిటమ్మాయ్?” అని మా అత్తయ్యగారు అమలాపురం నుంచి వచ్చిన మూడో రోజున అడిగారు. అప్పుడు నేను బేస్‌మెంటులో ఒక ప్లాస్టిక్ తొట్టెలో కొబ్బరి పొట్టు నానబోసి, మోచేతుల దాకా తడి చేసుకుని కూర్చున్నాను. ఆవిడకు అప్పటికప్పుడు సరైన సమాధానం చెప్పలేకపోయాను గాని, ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో రెండేళ్ళుగా ఒక బాల్ పైథాన్‌ను, అంటే విషం లేని చిన్నరకం కొండచిలువను, సాకుతున్నదాన్ని కనుక ఇప్పుడు చెప్పగలను. తిండి, వేడి, తొట్టి కొలతలు వంటివాటిలో నేను చేసిన పొరపాట్లు తక్కువే. పాము కింద ఏం పరచాలన్న దగ్గరే వరుసగా తప్పులు చేశాను.

ఇక్కడివాళ్ళు దీనిని బెడ్డింగ్ అనీ, కాస్త తెలిసినవాళ్ళు సబ్‌స్ట్రేట్ అనీ అంటారు. మా ఇంట్లో మాత్రం అత్తయ్యగారి మాటే స్థిరపడిపోయింది: “శేషు పక్క మార్చారా?” శేషు అన్న పేరు కూడా ఆవిడ పెట్టినదే. అంతకుముందు మా అమ్మాయి దానిని వాఫిల్ అని పిలిచేది. పాముకు చెవులు బయటికి లేవు, ఏ పేరుకూ పలకదు కనుక పేరు మార్పిడి విషయంలో గొడవ రాలేదు.

మా అమ్మాయి తరగతిలోని ఒక పిల్లవాడి కుటుంబం వేరే రాష్ట్రానికి తరలిపోతూ, తొట్టితో సహా ఆ పామును మాకు ఇచ్చి వెళ్ళింది. తొట్టి మూత తీయగానే పాత కర్ర బీరువా తెరిచినట్టు చక్కని వాసన వచ్చింది. అడుగున మూడు అంగుళాల మందాన లేత ఎరుపు రంగు చిత్రిక పొట్టు ఉంది. పాము ఉన్న తొట్టి ఇంత శుభ్రమైన వాసన వేస్తున్నదే అని నేను నిజంగా సంతోషించాను, ఆ పొట్టు సంచీనే మళ్ళీ కొనాలనుకుని దాని ఫొటో కూడా తీసి పెట్టుకున్నాను. పది రోజుల తరువాత ఒక రాత్రి మా అమ్మాయి వచ్చి, శేషు ముక్కు దగ్గర చిన్న బుడగ వచ్చి పగిలిందని చెప్పింది. తొట్టికి చెవి ఆనించి వింటే, వేగుతున్న పోపులో ఆఖరి ఆవగింజ చిటపటలాడినట్టు సన్నని చప్పుడు వినిపించింది.

సరీసృపాలను చూసే పశువైద్యురాలు ముందుగా అడిగిన ప్రశ్న అదే: కింద ఏం పరిచారు? నేను ఫొటో చూపించాను. అది ఎర్ర సెడార్ పొట్టు. ఊపిరితిత్తుల సమస్యకు తొట్టిలో చలి, తేమ, సూక్ష్మజీవులు, అన్నీ కారణాలు కాగలవనీ, ఈ పొట్టు ఒక్కటే కారణమని తాను తేల్చి చెప్పలేననీ, అయినా ఆ రోజు సాయంత్రానికల్లా దానిని తీసి పారవేయమనీ ఆవిడ చెప్పారు. మందు కూడా ఇచ్చారు. మందు కంటే ముందు నేను చేసిన పని ఆ పొట్టును రెండు పెద్ద చెత్త సంచుల్లోకి ఎత్తి ఇంటి బయట పెట్టడం.

సెడార్‌కు ఆ పరిమళం ఎందుకు ఉన్నదో ఆలోచిస్తే చాలు, తక్కిన సంగతి దానంతట అదే అర్థమవుతుంది. చెట్టు తనను పురుగులూ బూజూ తినకుండా కాపాడుకోవడానికి చేసుకున్న నూనెల వాసన అది. అందుకే ఉన్ని బట్టలు దాచే పెట్టెలను ఆ చెక్కతో చేస్తారు. ఇక్కడ సెడార్ పేరుతో అమ్మేదంతా ఒకే చెట్టు కూడా కాదు. అమెరికా తూర్పు ప్రాంతపు ఎర్ర సెడార్ నిజానికి జునిపర్ జాతిది, పడమటి తీరపు ఎర్ర సెడార్ మరొక జాతిది, మన హిమాలయాల దేవదారు మాత్రమే వృక్షశాస్త్రం ఒప్పుకునే అసలైన సెడార్లలో ఒకటి. పేర్లు ఏవైనా ఘాటైన నూనెలున్న చెక్క జంతువు కింద పరచడానికి తగినది కాదు. ప్రయోగశాల ఎలుకల విషయంలో ఈ సంగతి 1967లోనే ప్రచురితమైంది. మెత్తని చెక్క జాతుల పొట్టు మీద, ముఖ్యంగా ఎర్ర సెడార్ మీద, ఉంచిన ఎలుకలకు నిద్రమందు ఇస్తే అవి మామూలు కంటే త్వరగా లేచాయి. ఆ పొట్టులోని పదార్థాల వల్ల వాటి కాలేయంలో మందులను విరిచే ఎంజైములు పెరిగిపోవడమే అందుకు కారణం. ఎలుక పక్క మీద తిరుగుతుంది, పాము పక్కలోనే దూరి పడుకుంటుంది. దాని ముక్కు రంధ్రాలు ఎప్పుడూ ఆ పొట్టుకు ఆనుకునే ఉంటాయి, కడుపంతా ఇరవై నాలుగు గంటలూ దానిని తాకుతూనే ఉంటుంది. పైగా పాముకు మనకున్నట్టు ఉదరవితానం (ఊపిరి ఆడించే డయాఫ్రమ్ కండరం) లేదు కనుక ఊపిరితిత్తుల్లో చేరిన కఫాన్ని దగ్గి బయటికి పంపడం దానికి చేతకాదు. నాలుక చాపి గాలిలోని వాసనలను అంగిట్లోని జాకబ్సన్ అవయవానికి అందించి లోకాన్ని తెలుసుకునే జీవిని ఘాటైన వాసనలో ఉంచడమంటే, మనను కళ్ళు మండే పొగలో కూర్చోబెట్టడమే.

పైన్ చెక్క పొట్టు గురించి ఇక్కడ వాదోపవాదాలున్నాయి. బట్టీలో ఆరబెట్టిన పైన్‌లో ఆవిరయ్యే నూనెలు చాలావరకు పోతాయని చెబుతారు. పోతే పోవచ్చు, కాని అంతకంటే మంచివి అదే అరలో దొరుకుతుండగా దానితో పరీక్షలు చేయవలసిన అవసరం నాకు కనిపించలేదు.

మందు వాడినన్ని రోజులూ, ఆ తరువాత కూడా, మొత్తం ఆరు వారాల పాటు శేషు వంటింటి పేపర్ టవల్స్ మీద ఉంది. చూడటానికి అది ఆసుపత్రి మంచంలా దిక్కుమాలినట్టుంటుంది. కాని కొత్త పాముకూ, జబ్బు పాముకూ అంతకంటే మంచి పక్క లేదని ఇప్పుడు నా అభిప్రాయం. తెల్లని కాగితం మీద ఏ విషయమూ దాగదు. విసర్జనలో పాలిపోయిన సున్నపు ముద్దలాంటి భాగం ఎలా ఉంది, దానిలో రక్తపు చార ఉన్నదా, నోటి నుంచి జిగురు కారుతున్నదా అన్నవన్నీ కంటికి కనబడతాయి. అన్నిటికంటే ముఖ్యంగా, పాముల మీద బతికే మైట్లు గసగసాలంత నల్లని చుక్కలుగా కాగితం మీద నడుస్తూ దొరికిపోతాయి. అదే పొట్టులో అయితే అవి వందలయ్యేదాకా తెలియవు. పాత వార్తాపత్రికలు కూడా ఇదే పనికి వస్తాయి, చాలామంది పెంపకందారులు ఏళ్ళ తరబడి వాడుతున్నారు. మా ఇంటికి పత్రిక రావడం మానేసి చాలా కాలమైంది కనుక మేము టవల్స్ మీదనే ఉండిపోయాము. కాగితానికి ఉన్న లోపం ఒక్కటే: పాముకు దూరడానికి ఏమీ ఉండదు. అందుకని చెప్పులు వచ్చిన అట్టపెట్టెకు ఒక పక్క రంధ్రం కోసి బోర్లించి పెట్టాము, శేషు దానిలోకి వెళ్ళి ఆరు వారాలూ దాదాపు బయటికి రాలేదు.

జబ్బు తగ్గాక ఆస్పెన్ పొట్టు వేశాము. ఆస్పెన్ తెల్లని చెక్క, దానికి ఘాటైన నూనెలు లేవు, చేతిలోకి తీసుకుంటే తేలికగా పొడిగా ఉంటుంది, మలినం పడిన చోట ఒక గరిటెతో ఎత్తి పారేస్తే సరిపోతుంది. మా అమ్మాయి స్నేహితురాలి దగ్గర ఒక కార్న్ స్నేక్ ఉంది, అది ఆస్పెన్‌లో సొరంగాలు తవ్వి, ఒక చోట మునిగి మరొక చోట తల పైకెత్తుతుంది, ఆ సొరంగాలు కూలిపోకుండా నిలుస్తాయి కూడా. కార్న్ స్నేక్‌కు, కింగ్ స్నేక్‌కు, కెన్యా శాండ్ బోవాకు ఆస్పెన్ చక్కగా సరిపోతుంది. వారి పాము బాగున్నది కనుక మాకూ అదే అనుకున్నాము. అక్కడే నా రెండో తప్పు.

డిసెంబరు వచ్చేసరికి కొలంబస్‌లో ఇల్లంతా హీటరు నడుస్తుంది, గాలి అప్పడంలా ఎండిపోతుంది. తేమ కొలిచే మీటరు అప్పటికి మా దగ్గర లేదు. శేషు కళ్ళు పాలనీలంగా మారాయి, అంటే కుబుసం విడిచే సమయం వచ్చిందన్నమాట. వారం గడిచినా కుబుసం రాలేదు, వచ్చినప్పుడు ఉల్లిపొర చిరిగినట్టు ముక్కలు ముక్కలుగా వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న పాము మేజోడు తిరగేసి తీసినట్టు తల నుంచి తోక దాకా ఒకే ముక్కగా విడవాలి. శేషు తోక చివర ఉంగరంలా ఒక పొర మిగిలిపోయింది, ఒక కంటి మీద పలుచని గాజు రేకులాంటిది అంటుకుని ఉండిపోయింది. పాముకు కనురెప్పలు ఉండవు, వాటికి బదులు కంటిని కప్పే పారదర్శకమైన పొలుసు ఉంటుంది, కుబుసంతో పాటు దాని పై పొర కూడా రావాలి. దానిని గోటితో గాని, పటకారుతో గాని లాగితే కన్నే పోవచ్చు. గోరువెచ్చని నీటిలో తడిపి పిండిన గుడ్డల మధ్య శేషును అరగంట సేపు పాకనిచ్చాము. తోక పొర వెంటనే జారిపోయింది, కంటి పొర మరుసటి కుబుసంతో గాని పోలేదు. ఆ రోజు కొన్న మీటరును తొట్టిలో పెడితే తేమ 28 శాతం చూపించింది. బాల్ పైథాన్‌కు అది 60 నుంచి 70 దాకా ఉంటే బాగుంటుంది.

తేమ పెంచుదామని ఆస్పెన్ మీద నీళ్ళు చల్లాను. నాలుగో రోజుకు కింద పొరలో తెల్లని బూజు, ఆవకాయ జాడీలో తడి గరిటె పెడితే పట్టే బూజులాంటిదే, దూదిలా పట్టింది. ఆస్పెన్‌కు తడి పడదు. అది ఆస్పెన్ తప్పు కాదు, పొడి నేల పాముకు పనికివచ్చేదాన్ని తేమ కోరే పాముకు వేసిన నా తప్పు.

తేమ కోరే పాము అన్నాను గాని, అది కూడా పూర్తిగా నిజం కాదు. బాల్ పైథాన్లు ఘానా, టోగో, బెనిన్ వంటి పశ్చిమ ఆఫ్రికా దేశాల గడ్డి మైదానాల్లో ఎక్కువగా ఉంటాయి, అక్కడ నెలల తరబడి వాన ఉండదు. మరి ఆ పొడి గాలిలో అవి కుబుసం ఎలా విడుస్తున్నాయి? సమాధానం నాగుల చవితి నాడు పుట్ట దగ్గర పాలు పోసిన ప్రతి తెలుగువారికీ తెలిసినదే. అవి పగలంతా పుట్టల్లోనూ, ఎలుకల బొరియల్లోనూ ఉంటాయి. చెదలు కట్టిన పుట్టలో లోపలి గాలి వేరు, బయటి గాలి వేరు. బయట ఎండ మాడుస్తున్నా లోపల మట్టి చెమ్మగా, వేడి దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. అంటే తొట్టి అంతటా వానాకాలం సృష్టించడం నా పని కాదు, పుట్ట లోపలి గాలిని అడుగు పొరలో నిలపడం నా పని. ఈ ముక్క మనసుకు ఎక్కాక అంగట్లో ఏ సంచీ చూసినా నేను వేసుకునే ప్రశ్న ఒకటే అయింది: ఇది కింద చెమ్మ పట్టుకుని, పైన పొడిగా ఉండగలదా?

ఉండగలిగినవి నాకు రెండు దొరికాయి. ఒకటి సైప్రస్ చెట్టు తరుగు. తడిసినా త్వరగా బూజు పట్టదు, మట్టి వాసన తప్ప మరే ఘాటూ ఉండదు. తోటల సామగ్రి అమ్మే చోట కొంటే మాత్రం రంగు కలిపినవీ, ఇతర చెక్కలు కలిసినవీ వస్తాయి, కనుక సరీసృపాల కోసం అమ్మేదే తీసుకోవాలి. రెండోది కొబ్బరి. కొబ్బరి డొక్క ముక్కలు, కొబ్బరి పొట్టు రెండూ ఇక్కడ దొరుకుతాయి. పొట్టును ఇటుకలుగా అదిమి అమ్ముతారు. నేను కొన్న మొదటి ఇటుక అట్ట మీద భారతదేశంలో తయారైనదని ఉంది. కోనసీమలో పీచు తీసే చోట్ల రోడ్డు పక్కన గుట్టలుగా పోసి ఉండే గోధుమ రంగు పొట్టు మా చిన్నతనంలో ఎవరికీ అక్కరలేని చెత్త, వాన పడితే కాలి కింద మెత్తగా దిగబడేది. అదే పొట్టును డాలర్లు పోసి కొని ఒహాయో నేలమాళిగలో నానబెడుతుంటే అత్తయ్యగారు నవ్వకుండా ఎలా ఉంటారు? “నాకు ముందే చెబితే ఒక సూట్‌కేసు నిండా తెచ్చేదాన్ని కదా” అన్నారు. తేకూడదని చెప్పాను. మట్టి, మొక్కల పదార్థాలను విమానాశ్రయంలో పట్టుకుంటారన్నది ఒక కారణం. ఉప్పు నీటి కయ్యల్లో నానిన డొక్క పొట్టులో లవణం మిగిలి ఉంటుందన్నది రెండోది. అమ్మకానికి వచ్చేదాన్ని మంచినీటితో కడిగి ఆరబెడతారు. మొక్కల కోసం అమ్మే ఇటుకల్లో కొన్నింటికి ఎరువు కలిపి ఉంటుంది, అలాంటివి పాముకు వేయరాదు.

650 గ్రాముల ఇటుకకు నాలుగు లీటర్ల దాకా గోరువెచ్చని నీళ్ళు పోస్తే, అది ఉబ్బి ఎనిమిది లీటర్ల దాకా పొట్టు అవుతుంది. ఆ నీటిలోనే వదిలేస్తే అది బురద, దానిని పిండి, ఒక పాత దుప్పటి మీద పరిచి సగం ఆరనివ్వాలి. ఎంత ఆరాలన్నది మొదట్లో నాకు అంతు పట్టలేదు. ఒకసారి తడి ఎక్కువై, శేషు పొట్ట కింది పొలుసుల అంచులు ఎర్రబడ్డాయి. తడి పక్క మీద రోజుల తరబడి పడుకుంటే పొలుసులు కుళ్ళడం మొదలవుతుందని చదివి ఉన్నాను కనుక వెంటనే మళ్ళీ కాగితం మీదకు మార్చాను, వారంలో తగ్గింది. మరుసటిసారి దుప్పటి దగ్గర కూర్చుని సందేహిస్తుంటే, అత్తయ్యగారు వంగి గుప్పెడు పొట్టు తీసుకుని పిడికిలి బిగించారు. వేళ్ళ సందుల్లోంచి నీటి చుక్క రాలేదు. పిడికిలి విప్పితే ముద్ద నిలిచింది, బొటనవేలితో నొక్కగానే విడిపోయింది. “అరిసెల పిండికి ఉన్నంత తడి ఉన్నదిలే, చాలు” అన్నారు. ఆ తరువాత నేను మరే కొలతా వాడలేదు.

ఇప్పుడు మా తొట్టిలో నాలుగు అంగుళాల మందాన రెండు వంతుల కొబ్బరి పొట్టు, ఒక వంతు డొక్క ముక్కలు కలిపి ఉన్నాయి. పొట్టు ఒక్కటే వేస్తే పై పొర ఆరిపోయి దుమ్ము రేగుతుంది, ముక్కలు కలిస్తే అది తగ్గుతుంది, గాలి కూడా ఆడుతుంది. తేమ తగ్గినప్పుడు పైన నీళ్ళు చల్లను. తొట్టి మూలల్లో గ్లాసుతో నెమ్మదిగా పోస్తాను, నీరు అడుగుకు దిగి అక్కడ పరచుకుంటుంది, పాము పడుకునే పై పొర పొడిగానే ఉంటుంది. తేమ పోకుండా జల్లెడ మూతలో నాలుగింట మూడు వంతులను మందపాటి ప్లాస్టిక్‌తో కప్పాము. కుబుసం రోజుల్లో ఒక మూత ఉన్న డబ్బాలో తడిపిన స్ఫాగ్నమ్ నాచు పెడతాము, శేషు తనంత తానే వెళ్ళి దానిలో చుట్టుకుంటుంది. ఆ నాచును పట్టుకునేటప్పుడు మాత్రం చేతికి తొడుగులు వేసుకుంటాను. దానిలో ఉండగల ఒక శిలీంధ్రం మన చేతి మీది గీరుల్లోంచి లోపలికి పోయి పుండ్లు పుట్టిస్తుంది, తోట పనివాళ్ళకు బాగా తెలిసిన జబ్బు అది.

మందంగా పరిచినప్పుడు వేడి ఎక్కడి నుంచి వస్తున్నదో చూసుకోకపోతే ఇంతకుముందు చెప్పిన తప్పులన్నిటికంటే పెద్ద ప్రమాదం జరుగుతుంది. మాకు తొట్టితో పాటు గాజు కింద అతికించిన హీట్ మ్యాట్ కూడా వచ్చింది. దాని మీద నాలుగు అంగుళాల పొట్టు పోస్తే వేడి పైకి రాదు, గాజు దగ్గరే పేరుకుంటుంది. వేడిని కొలిచి మ్యాట్‌ను అదుపు చేసే థర్మోస్టాట్ తీగ పైన పొట్టు మీద ఉంటే, అక్కడ చల్లగా ఉన్నదనుకుని మ్యాట్‌ను ఇంకా వేడెక్కిస్తూనే ఉంటుంది. పాము వెచ్చదనం కోసం అడుగుకు దూరి గాజు మీద పడుకుంటే పొట్ట కాలుతుంది, కాలుతున్నదని తెలిసి లేచి పోతుందన్న నమ్మకం కూడా పెట్టుకోరాదు. కాగితం పరిచిన తొట్టికి, తీగను గాజుకే అతికించి, మ్యాట్ వాడవచ్చు. మందపు పక్క వేయదలచుకుంటే వేడి పై నుంచి రావాలి. మేము మ్యాట్ తీసేసి, పైన వెలుతురు లేని సిరామిక్ బల్బును థర్మోస్టాట్‌తో పెట్టాము. వెచ్చని వైపు 90 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర, చల్లని వైపు 78 దగ్గర ఉండేట్టు చూస్తాము.

తిండి వేళకూ పక్కకూ సంబంధం ఉంది. ఫ్రీజరులోంచి తీసి కరిగించిన చచ్చిన ఎలుకను పొట్టు మీద వదిలితే తడి ఒంటికి పొట్టంతా అంటుకుంటుంది. ఒకసారి శేషు ఎలుకను మింగిన తరువాత అరగంట సేపు ఆవలిస్తూనే ఉంది, నోటి మూలలో ఒక పీచు పోగు మీసంలా వేలాడుతున్నది. నోరు తెరిచి తీయాలని మా అమ్మాయి తొందరపడింది గాని నేను ఆపాను, నీళ్ళు తాగాక అదే జారిపోయింది. చిన్న పోగులు కడుపులోకి పోయినా సాధారణంగా బయటికి వచ్చేస్తాయి, పెద్ద ముక్కలు అడ్డుపడితే శస్త్రచికిత్స దాకా పోవచ్చు. అప్పటి నుంచి ఎలుకను పొడిగా తుడిచి, పటకారుతో పట్టుకుని, ఒక చదునైన నేల పలక మీదుగా అందిస్తున్నాము.

ఇలాంటి భయం వల్లనే మొక్కజొన్న కంకి బెండుల పొడి, అక్రోటు చిప్పల పొడి నేను ముట్టుకోలేదు. మొదటిది నీటికి ఉబ్బి బూజు పడుతుంది, రెండోదాని అంచులు పదునుగా ఉంటాయి. పిల్లుల విసర్జన కోసం తొట్టెల్లో పోసే మట్టి చెమ్మనంతా పీల్చేస్తుంది. సరీసృపాల తివాచీ అని ఒకటి అమ్ముతారు, చూడటానికి చక్కగా పచ్చగా ఉంటుంది గాని, నేను ఎన్నిసార్లు ఉతికినా దాని వాసన పోలేదు. ఇసుక గురించి అత్తయ్యగారు అడిగారు, ఆవిడ ఎప్పుడో టీవీలో చూసిన, పాములు పట్టే ఇరుళ తెగవారి కుండలు గుర్తుకువచ్చి. చెన్నై దగ్గర వడనెమ్మేలిలో 1978లో ఏర్పడిన ఇరుళుల సహకార సంఘంవారు విషం తీయడానికి పట్టిన నాగుపాములను, రక్తపింజరలను అడుగున ఇసుక పోసిన మట్టికుండల్లో ఉంచి, మూతికి గుడ్డ కడతారు. ఆ పాములు అక్కడ కొద్ది వారాలే ఉంటాయి, తరువాత వాటిని అడవిలో వదిలేస్తారు, పైగా కుండ మట్టి చెమటోడ్చి తనంత తానే చల్లబడుతుంది. ఏళ్ళ తరబడి గాజు తొట్టిలో ఉండే ఆఫ్రికా పాముకు ఆ పద్ధతి నకలు చేయలేము.

ఏళ్ళ తరబడి అని ఊరికే అనలేదు. బాల్ పైథాన్ ఇరవై, ముప్పై ఏళ్ళు బతకడం మామూలే. 1961లో సెయింట్ లూయిస్ జంతుప్రదర్శనశాలకు చేరిన ఒక ఆడ బాల్ పైథాన్, 2020లో, అరవై ఏళ్ళు దాటిన వయసులో, దగ్గర మగపాము లేకుండానే ఏడు గుడ్లు పెట్టింది. మా అమ్మాయి కాలేజీకి వెళ్ళాక ఈ పక్క మార్చేది ఎవరన్న ప్రశ్నకు మా ఇంట్లో ఇంకా జవాబు దొరకలేదు. అందుచేత, ఎంత మంచిదైనా, నేను విసుగు లేకుండా చేయలేని పద్ధతిని మొదలుపెట్టదలచుకోలేదు. ఆకులు, మట్టి, మలినాన్ని తినే చిన్న పురుగులు వేసి తొట్టినే ఒక చిట్టడవిగా పెంచే పద్ధతి ఉన్నది, మా వారికి అది మహా మోజు. ఆయనే చూసుకుంటానని రాసి ఇస్తే ఒప్పుకుంటానన్నాను, ఇంకా రాయలేదు.

మలినం కనబడిన రోజునే, దాని చుట్టూ ఉన్న గుప్పెడు పొట్టుతో సహా ఎత్తి పారేస్తాము. రెండు నెలలకొకసారి అంతా తీసి తొట్టి కడుగుతాము. కడిగే దగ్గర ఒక ముచ్చట చెప్పాలి. మొదటిసారి అత్తయ్యగారు సాయం చేస్తానని ముందుకు వచ్చి, ఇండియన్ స్టోరులో కొన్న ఫినాయిల్ సీసా పట్టుకొచ్చారు. తెల్లగా పాలలా కలిసే ఆ ఫినాయిల్‌లో ఉండేది పైన్ నూనె, నల్లనిదైతే తారు నుంచి తీసిన ఫినాల్ జాతి పదార్థాలు. మనం పొట్టులో తప్పించుకున్న ఘాటునే సీసాలోంచి మళ్ళీ పోసినట్టు అవుతుంది. పాములకూ, పిల్లులకూ కూడా అది మంచిది కాదు. “ఫినాయిల్ వాసన రాకపోతే కడిగినట్టు ఎలా తెలుస్తుంది?” అని ఆవిడ నిజంగానే బాధపడ్డారు. మేము ముందు సబ్బునీటితో రుద్ది, పలుచన చేసిన బ్లీచ్ పది నిమిషాలు ఉంచి, వాసన పూర్తిగా పోయేదాకా మంచినీటితో కడిగి, ఎండలోనో ఫ్యాను కిందనో ఆరబెడతాము. బ్లీచ్‌ను వెనిగర్‌తో గాని అమ్మోనియా ఉన్న ద్రావకాలతో గాని కలపరాదు, విషవాయువు వస్తుంది.

ఈ పనంతా బేస్‌మెంటు స్నానాల గదిలోనే. వంటింటి సింకు దగ్గరికి పాము తొట్టెలు రానివ్వరాదన్న అత్తయ్యగారి మడిని ఈ విషయంలో వైద్యులు కూడా బలపరుస్తారు. పైకి ఆరోగ్యంగా కనిపించే పాము విసర్జనలో కూడా కడుపు జబ్బు తెచ్చే సాల్మొనెల్లా బాక్టీరియా ఉండవచ్చు, అది పక్క పొట్టులోకీ, అక్కడి నుంచి మన చేతుల్లోకీ వస్తుంది. అయిదేళ్ళ లోపు పిల్లలున్న ఇళ్ళలో సరీసృపాలను పెంచవద్దని ఇక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రాలు చెబుతున్నాయి. మా ఆడపడుచు తన మూడేళ్ళ బాబుతో వచ్చినప్పుడు బేస్‌మెంటు తలుపుకు తాళమే.

విశాఖపట్నంలో ఉన్న మా పిన్ని మనవడు ఈ సంగతులన్నీ వీడియో కాల్‌లో చూసి, తానూ ఒక పామును తెచ్చుకుంటానని అడుగుతున్నాడు. మన నేల మీది పామును, జెర్రిపోతయినా సరే, ఇంట్లో పెట్టుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. బాల్ పైథాన్ వంటి విదేశీ పాములు వన్యజీవుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందపు జాబితాలో ఉన్నాయి కనుక ప్రభుత్వంలో నమోదు చేయించాలి, కాగితాలు లేకుండా అమ్మేవాడి దగ్గర కొనరాదు. కొన్నా, చెన్నై, విశాఖపట్నం వంటి తీర నగరాల్లో గాలిలో తేమ ఎక్కువ, కనుక మా బాధ తిరగబడుతుంది. అక్కడ పక్కను తడపడం కంటే బూజు పట్టకుండా ఆరబెట్టుకోవడమే పని అవుతుంది. వాడికి ముందు ఈ తిరకాసు అర్థమైతే పాము సంగతి తరువాత మాట్లాడదామన్నాను.

కిందటి నెల శేషు కుబుసం ఒకే ముక్కగా విడిచింది, కళ్ళ మీది రెండు గుండ్రని పొరలు కూడా దానిలో ఉన్నాయేమో మా అమ్మాయి దీపానికి ఎదురు పెట్టి చూసింది. రెండూ ఉన్నాయి. అత్తయ్యగారు దానిని వాకిట్లోనుంచి లోపలికి తేవద్దన్నారు గాని, ఎంత పొడుగుందో కొలిచి చెప్పమని మాత్రం టేపు తెచ్చి ఇచ్చారు. నాలుగు అడుగుల రెండు అంగుళాలు వచ్చింది. కుబుసం విడిచేటప్పుడు సాగుతుంది కనుక పాము అంతకంటే కాస్త పొట్టిదేనని చెబితే ఆవిడ నమ్మలేదు.